పీకిన బొచ్చు

వీధిలో అందరూ ఆవిడను నూలత్త అనేవారు. అంగోరా కుందేలు బొచ్చు వడకడంలో ఆ చేతికి తిరుగు లేదు. ఊపిరి తగిలితే ఎగిరిపోయే బొచ్చును వేళ్ళ సందున పట్టి, రాట్నం తొక్కుతూ, చూపుకు ఆనీ ఆననంత సన్నటి దారం తీసేది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఆ దారంతో నేయించిన శాలువలు మరిది దుకాణంలో అమ్మేవాడు.

"మా కుందేళ్ళను పసిపిల్లల్లా దువ్వుతామండీ. రాలిన బొచ్చే తీసుకుంటాం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నూలత్త కూడా నమ్మింది.

ఒకరోజు కొత్త సంచీ విప్పి చిక్కు తీస్తుంటే వేలికి గట్టిగా ఏదో తగిలింది. కుందేలు పెంటికేమో అనుకుంది. అలాంటివి ఎన్ని ఏరలేదు! తీరా చూస్తే గోరంత చర్మం ముక్క. నెత్తురు ఎండి నల్లబడింది, వెంట్రుకలు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాయి.

"ఏమిటయ్యా ఇది?" అని మరిదిని నిలదీసింది.

"రాలేటప్పుడు ఒక్కోసారి అలా వస్తుంది వదినా."

"నా జుట్టూ రాలుతోంది. ఏనాడైనా తోలు ఊడొచ్చిందా?"

మరిది నవ్వేశాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ బస్సెక్కి కుందేళ్ళ షెడ్డుకు వెళ్ళింది.

రేకుల కప్పు కింద మూడు వరసల బోనులు. ఉచ్చ కంపుకు కళ్ళు మండాయి. వెనకవైపు పనివాడు ఒక కుందేలును చెక్క మీద సాగదీసి, కాళ్ళు కట్టేసి, గుప్పిళ్ళతో బొచ్చు పీకుతున్నాడు. కుందేలుకు నోరు లేదనుకునేది నూలత్త. అది అరిచింది. వీపంతా ఎర్రగా, తడిగా, ఒలిచిన పండులా ఉంది.

"కంగారు పడకండత్తా, మూడు నెలల్లో మళ్ళీ మొలుస్తుంది" అన్నాడు పనివాడు. "దువ్వితే పొట్టి బొచ్చే వస్తుంది. పొడుగుది కావాలని మీరే అడిగారటగా?"

అడిగింది. రెండేళ్ళ కిందట, దారం ఇంకా సన్నగా తియ్యాలన్న పంతంతో. ఆవిడ బయటికి పరుగెత్తి కాలవ పక్కన కక్కుకుంది. పంపు కింద చేతులు ఎంత రుద్దినా, ఆ మెత్తదనం జిడ్డులా వేళ్ళను వదల్లేదు.

అటునుంచి అటే దుకాణానికి వెళ్ళింది. ఒకావిడ శాలువను బుగ్గకు రుద్దుకుంటోంది. మరిది 'పసిపిల్లల్లా దువ్వుతాం' అనే పాత పాట మొదలెట్టాడు.

"దువ్వరమ్మా, పీకుతారు. కాళ్ళు కట్టేసి, బతికుండగానే" అంది నూలత్త.

మరిది మొహం మాడిపోయింది. కొనడానికొచ్చినావిడ శాలువను ఒక్క క్షణం దూరంగా పట్టుకుంది. "అయ్యో పాపం" అంది. తర్వాత, "ఇందులోనే బూడిదరంగు ఉందా?" అని అడిగింది.

నూలత్త వెనుదిరిగి దుకాణం మెట్లు దిగేసింది.

మిగిలిన సంచీలు ఆ సాయంత్రమే తిప్పి పంపేసింది. ఇప్పుడు గొర్రెబొచ్చు వడుకుతోంది. కత్తిరించేటప్పుడు దగ్గరుండి చూసుకుంటుంది. దారం ముతకగా వస్తుంది, వేళ్ళు ఒరుసుకుపోతాయి. మరిది మాట్లాడటం మానేశాడు. అతనికి ఇంకో వడికే మనిషి దొరికింది, శాలువలు అమ్ముడవుతూనే ఉన్నాయి. ఎవరైనా వచ్చి "అత్తా, ఆ పాత మెత్తటి దారం ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగితే, ఆవిడ చీరకు చేతులు తుడుచుకుని తలుపు వేసేస్తుంది.