కుట్టు విప్పిన సీరియల్

నా చిన్నప్పుడు కుళ్ళుకోవడంలో మా గల్లీలో నన్ను మించినవాళ్ళు లేరు. ఎదురింటివాళ్ళకు గ్యాసు పొయ్యి వస్తే నాకు కడుపుమంట. బడిలో పక్కపిల్ల కొత్త రిబ్బను కట్టుకొస్తే కడుపుమంట. మా తమ్ముడికి జ్వరం వచ్చి అమ్మ వాడి పక్కన కూర్చుంటే, ఆ జ్వరమేదో నాకెందుకు రాలేదని ఏడ్చిన ఘనురాలిని. అరవై దాటాక ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. అప్పట్లో మాత్రం అది కుళ్ళని తెలియదు. లోకమంతా కూడబలుక్కుని నాకొక్కదానికే అన్యాయం చేస్తోందని గట్టిగా నమ్మేదాన్ని.

మేం అమీర్‌పేటలో ఒక పాత ఇంట్లో కింది వాటాలో ఉండేవాళ్ళం. గోడ అవతల పక్కింటి అక్క ఉండేది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది, వాళ్ళ అమ్మను చూసుకునేది, మిగిలిన సమయమంతా చదివేది. వారపత్రికలో నచ్చిన సీరియల్ వస్తే ఆ పేజీలను వారం వారం జాగ్రత్తగా విడదీసి దాచేది. కథ అయిపోయాక చౌరస్తా దగ్గర బైండింగ్ ఆయనతో అట్ట వేయించి కుట్టించేది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో పుస్తకాలంటే అవే. కథ మధ్యలో సబ్బు ప్రకటన ఉండేది, ఒక పేజీ వెనక సగం గుత్తొంకాయ కూర ఉండేది. అక్క దగ్గర అలాంటివి పది పన్నెండు ఉండేవి. ఆదివారం మధ్యాహ్నాలు నన్ను తన వరండాలో కూర్చోబెట్టుకుని పైకి చదివించేది, తప్పు చదివితే నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయ కూడా నాకే సొంతం అన్నట్టు మురిసిపోయేదాన్ని.

అలా ఉండగా మా పై వాటాలోకి కోస్తా వైపునుంచి ఒక కుటుంబం దిగింది. వాళ్ళ నాన్నకు సోమాజిగూడలో ఉద్యోగం. వాళ్ళ అమ్మాయి నా ఈడుదే. పంజాగుట్టలో మా బడిలోనే, నా తరగతిలోనే చేరింది. మంచి నలుపు. లెక్కలు నాకంటే వేగంగా చేసేది. దాన్నైనా ఓర్చుకున్నానేమో గానీ, ఆ పిల్ల డాన్సు కూడా చేసేది. వార్షికోత్సవానికి మా తరగతి నుంచి కోలాటం పెట్టారు. ముందు వరస మధ్యలో ఉన్నది నేను. రెండో రోజే టీచర్ నన్ను భుజం పట్టుకుని వెనక్కి జరిపి, ఆ చోట్లో ఆమెను నిలబెట్టింది. నేను వెనకనుంచి ఆ పిల్ల జడను చూస్తూ కోలలు కొట్టాను. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది.

ఒకరోజు దుస్తులన్నీ వేసి చూసుకుంటున్నారు. టీచర్ పౌడరు డబ్బా పట్టుకుని ఒక్కొక్కరి ముఖానికి అద్దుతోంది. ఆ పిల్ల వంతు వచ్చింది. “ఆమెకు ఒక్క డబ్బా ఏం సరిపోతది టీచర్!” అన్నాను గట్టిగా. అందరూ నవ్వారు. టీచర్ కూడా నవ్వింది, నవ్వుతూనే ఆ పిల్ల బుగ్గ మీద పౌడరు అద్దింది. ఆ పిల్ల కదలకుండా నిలబడింది. మర్నాటినుంచి కోలాటానికి రాలేదు. కాలు నొప్పని వాళ్ళ నాన్న చీటీ రాసిచ్చాడట. నా చోటు నాకు తిరిగి వచ్చేసింది. నేను అన్నది తప్పని నాకు అనిపించనే లేదు. నలుగురినీ నవ్వించానని పొంగిపోతూ ఇంటికొచ్చాను.

ఆ ఆదివారం అక్క వరండాకు వెళ్తే నా చోట్లో ఆ పిల్ల కూర్చుని ఉంది. అక్క ఒళ్ళో నేనెప్పుడూ చూడని బైండు పుస్తకం ఉంది. అక్క మెల్లగా చదువుతోంది, ఒక చెయ్యి ఆ పిల్ల వీపు మీద ఉంది. నన్ను చూసి తలెత్తి, “నువ్వు తర్వాత రాయే, జర పనుంది” అంది. నాకు! పని ఉందట! ముందు వరస వదులుకుందని సంబరపడ్డానే, ఏకంగా అక్కనే ఎత్తుకుపోయింది! మరుసటి ఆదివారం మళ్ళీ అదే వరస. ఉండబట్టలేక అక్కను అడిగేశాను, ఆ పుస్తకం నాకూ కావాలని. “గిప్పుడే ఒద్దు. శాన బరువైన కథ గది” అంది అక్క. ఆ పిల్ల మోయగలిగిన బరువు నేను మోయలేనా? ఆ మాట నన్ను కాల్చేసింది.

బుధవారం బడికి సెలవు. అక్క ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళింది, వాళ్ళ అమ్మ కునుకు తీస్తోంది. నేను కిటికీ పక్కనున్న ఆ పుస్తకాన్ని ఓణీ కింద దాచుకుని మా డాబా ఎక్కేశాను. నీళ్ళ తొట్టి నీడలో కూర్చుని మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా చదివాను.

అమెరికాలో పత్తి పండే ఊళ్ళో ఒక నల్లజాతి పిల్ల కథ అది. తెలుగులోకి ఎవరో అనువదించారు. వాళ్ళ అమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళ బట్టలుతుకుతుంది. డాక్టరు దగ్గరికెళ్తే వీళ్ళకు వెనక తలుపు. వాళ్ళ మేనమామ ఒక సాయంత్రం బజారుకు వెళ్ళి తిరిగి రాడు, ఎందుకు రాలేదో ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఒక్కో చోట ఆపాలనిపించేది. కానీ ఆ పిల్లకంటే ముందు నేను ముగించాలి కదా! అందుకని పరుగులు పెట్టి చదివాను. ఏడుస్తూనే, ఎంత బాగా ఏడుస్తున్నానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అక్క చూస్తే ఎంత బాగుండును అనుకున్నాను.

ఇంకా కొన్ని వారాల ముక్కలు మిగిలాయనగా టోపీల కొట్టు వచ్చింది. ఆ పిల్ల పండక్కి టోపీ కొనుక్కుందామని వెళ్తుంది. పెట్టుకుని చూడబోతే కొట్టామె లాక్కుంటుంది, నీ తల తగిలితే ఇంకెవరూ కొనరని. పక్కనే కొట్టామె కూతురుంది. ఈ పిల్ల ఈడుదే. “దానికి టోపీ ఎందుకమ్మా, ఎండకు ఇంకేం నల్లబడుతుంది!” అంటుంది ఆ కూతురు. కొట్టులో అందరూ నవ్వుతారు.

అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఆ నవ్వు నాకు తెలుసు. అంతవరకూ నేను ఆ నల్లపిల్లనే అనుకుంటూ చదివాను, ఆమె కష్టమంతా నాదే అన్నట్టు ఏడ్చాను. తీరా చూస్తే నేను ఉన్నది గల్లాపెట్టె అవతల.

ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడూ అంతే. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగదు. “ఎవరి కండ్లు పడ్డయో నా బిడ్డ మీద” అని అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. నాకు ఇంకా ఏడుపొచ్చింది. ఎవరి కళ్ళు ఎవరి మీద పడ్డాయో నాకొక్కదానికే తెలుసు మరి.

మూడో రోజు అక్క వచ్చింది. పుస్తకం కనబడకపోయేసరికి ఎవరు తీశారో ఆమెకు తెలిసిపోయింది. మంచం పక్కన కూర్చుంది, తిట్టలేదు. నేనే వెక్కుతూ, “ఆ పిల్ల పాపం అక్కా” అన్నాను.

“ఏ పిల్ల?” అంది అక్క.

“అమెరికా పిల్ల.”

అక్క నా ముఖంలోకి చూసింది. నేను తలగడ కింది నుంచి పుస్తకం తీసిచ్చాను. అక్క మా నాన్న గడ్డం గీసుకునే బ్లేడు అడిగి తెప్పించుకుని, నా కళ్ళముందే ఆ పుస్తకం కుట్టు టపటపా కోసేసింది. డబ్బులిచ్చి అంత ముచ్చటగా కుట్టించుకున్నది! అట్ట పక్కన పెట్టి, ఏ వారం పేజీలు ఆ వారానికి విడదీసి మంచం మీద పేర్చింది.

“ఏడాది కథను ఒక్క పగటికే మింగినవ్. అన్నమెట్ల దిగుతదే?” అంది. “మేం సుత ఏడ్సినం. కాని వారానికొక్క ముక్కనే వచ్చేది. సదివి తిట్టుకునేది, ఇన్‌స్టిట్యూట్‌ల కొట్లాడుకునేది, ఆరు రోజులు మన బతుకుల మనం చేసే పని సూసుకునేది. గందుకే తట్టుకున్నం. ఇగ నీకు నేనియ్య. ఆదివారం ఒక ముక్క పైపిల్లకిస్త. ఆమె సదివినంక నువ్వు పోయి అడుగు. ఇస్తే సదువు. ఇయ్యకుంటే ఎందుకియ్యలేదో ఆలోచన చెయ్.”

పౌడరు సంగతి అక్కకు తెలుసని నాకు అర్థమైపోయింది. ఆ పిల్లను వరండాలో ఎందుకు కూర్చోబెట్టుకుందో కూడా అర్థమైంది. పుండు చేసింది నేను, ఆ పుండుకు అక్క మందు రాస్తుంటే మందును చూసి కుళ్ళుకున్నదీ నేనే. అంత సిగ్గు నా జన్మలో మళ్ళీ పడలేదు.

ఆదివారం పైకి వెళ్ళి తలుపు కొట్టాను. ఆ పిల్లే తీసింది. చేతిలో టోపీల కొట్టు పేజీలున్నాయి. “ఏంటి?” అంది. పేజీల కోసమని గొణిగాను. “ఇంకా అవ్వలేదు” అని తలుపేసింది. ఆరు పేజీలు ఎంతసేపు చదువుతుందని నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మండనివ్వండి, నా గుణం అంత తేలిగ్గా పోతుందా? కానీ ఆ వారమంతా ముందు వరసలో నా కోలలు తప్పుతూనే ఉన్నాయి. టీచర్ రెండుసార్లు కసిరింది.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి పేజీలు అడగలేదు. తలుపు తియ్యగానే, “పౌడరు మాట కుళ్ళుతోని అన్న. ముందు వరస నాకు కావాలని అన్న. నీ జాగ నువ్వు తీసుకో” అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నిజం చెప్పొద్దూ, అక్కర్లేదు నువ్వే చెయ్యి అంటుందేమోనని లోపల చిన్న ఆశ.

ఆ పిల్ల ఏడవలేదు. నా కళ్ళల్లోకి సూటిగా చూసి, “నువ్విచ్చేదేంటి? అది నీదా?” అంది. “అందరి ముందూ నవ్వారు. అందరి ముందూ పిలిస్తే వస్తా.”

ఆ రాత్రి అమ్మకు కడుపునొప్పని చెబుదామా అనుకున్నాను. సోమవారం బడి ఎగ్గొట్టే దారులన్నీ వెతికాను. చివరికి వెళ్ళాను. మొదటి పీరియడ్‌లో లేచి నిలబడ్డాను. ఆ రోజు నేను అన్నది తప్పు టీచర్, ఆమె నాకంటే మంచిగ చేస్తదని కుళ్ళుకుని అన్న, అని చెప్పాను. టీచర్ ముఖం ఎర్రబడింది. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, ఆ పిల్ల బెంచీ దాకా నడిచి వెళ్ళి, “నేను కూడా నవ్విన కద బిడ్డా. నాదీ తప్పే. సాయంత్రం వస్తవా?” అని అడిగింది. ఆ పిల్ల పుస్తకం మూసి, తలూపింది.

వార్షికోత్సవం రోజు ముందు వరస మధ్యలో ఆమె ఆడింది. ఎంత బాగా ఆడిందో చెప్పలేను. నేను వెనక వరస చివర నిలబడి కోలలు కొడుతూ కుళ్ళి కుళ్ళి చచ్చాను. మంచి పని చేస్తే మనసు తేలికవుతుందంటారు గానీ, నాకైతే ఆ సాయంత్రం ఏం తేలిక కాలేదు. అన్నం మాత్రం తిన్నాను.

మిగిలిన ముక్కలన్నీ వారానికొకటి చొప్పున ఇద్దరం చదివాం. ఆమె చదివి నాకిచ్చేది, నేను చదివాక మేడమెట్ల మీద కూర్చుని కొట్లాడుకునేవాళ్ళం. టోపీ దగ్గర తనకు ఏడుపు రాలేదని, కోపం వచ్చిందని చెప్పింది. ఎవరి ముందూ తగ్గని ఆ కోపం చూసి కూడా నాకు అసూయే. నన్ను క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. రెండేళ్ళకు వాళ్ళ నాన్నకు బదిలీ అయింది, వెళ్ళిపోయారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఏదో కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చి నా దగ్గర ఉంటున్న మనవరాలు మొన్న అలాంటి పుస్తకమే ఏదో చదివి రెండు పూటలు తిండి మానేసింది. చదవలేకపోతున్నా, వదల్లేకపోతున్నా అమ్మమ్మా అని ఒకటే ఏడుపు. పుస్తకం మూయించి పెరుగన్నం కలిపి పెట్టాను. తిన్నాక ఈ కథంతా చెప్పి, ఆ పుస్తకంలో నువ్వెక్కడున్నావో చూసుకున్నావా అని అడిగాను. నేనేం చేశానని నా మీద ఇంతెత్తున లేచింది.

సాయంత్రం తనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. “మా బ్యాచ్‌లో మణిపూర్ అమ్మాయి ఒకతి ఉంది అమ్మమ్మా. ఆమెకి మేమొక పేరు పెట్టాం” అంది. ఏం పేరని నేను అడగలేదు. ఆ అమ్మాయి హాస్టల్ యూసుఫ్‌గూడలోనట. చున్నీ సర్దుకుని మనవరాలు అక్కడికే బయల్దేరింది.

బరువైన పుస్తకం చదివి కళ్ళు తడిసినప్పుడల్లా నేను ఇప్పటికీ అక్కడే ఆపేస్తాను. ఏడ్చినందుకు నన్ను నేను మెచ్చుకోవడం మానేశాను. ఎవరింటికి వెళ్ళాల్సి ఉందో ముందు అది చూసుకుంటాను, వెళ్ళివచ్చాకే తర్వాతి పేజీ తిప్పుతాను. ఈ వయసులో కూడా ఒక్కోసారి వారాలు గడిచిపోతాయి, పుస్తకం అలాగే ఉండిపోతుంది. అందుకే మొన్న మనవరాలు గేటు దాటి వెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయాను. నాకు రెండు ఆదివారాలు పట్టిన పని దానికి ఒక్క పూటలో అయిపోయింది. చూసి కుళ్ళుకున్నాను.