బల్ల మీద వెలిగింది, పెట్టెలో వెలగలేదు

మా బావ నా ఎడమ చెవిని పగలగొట్టడానికి ఒక్క లెంపకాయ సరిపోయింది. కారు తలుపుకి నేను వేసిన రంగులో దుమ్ము పడిందని ఆయన అనడం, రేకు సొట్ట తీయడం చేతగాక నా రంగు మీద పడతావేమని నేననడం, ఆ చెయ్యి రావడం, మూడూ ఒకే నిమిషంలో జరిగాయి. తెల్లారేసరికి దిండు మీద రక్తం. కర్ణభేరి చిరిగిందన్నాడు డాక్టరు. ఎలా తగిలిందని అడిగితే, కారు బానెట్ మీద పడిందని చెప్పాను. ఆయన నా చెంప వైపు చూసి, బానెట్‌కి అయిదు వేళ్ళున్నాయా అని అడిగాడు.

బావంటే మా అక్క మొగుడు. గుద్దుకున్న కార్లకి సొట్టలు తీసే షెడ్డు ఆయనది. ఆయన రేకు సరిచేస్తే నేను రంగు వేస్తాను. వీధిలో ఆయన్ని సమ్మెట అంటారు. తిరగని ఫ్యాన్‌నీ, కారే కుళాయినీ, మాట వినని మనిషినీ ఒకే వైద్యంతో దారికి తెచ్చేవాడు. పక్క షెడ్డు వెల్డరుకి ముందుపన్ను ఒకటి లేకపోవడానికి కూడా ఆయనే కారణం. వెల్డరు ఇప్పటికీ ఆ సందులోంచే ఈల వేసి బావని పిలుస్తాడు.

నా చెవి పోయిన రోజు అక్క అరవలేదు. బట్టలు మడత పెడుతూనే చెప్పింది.

"ఇంకోసారి మనిషి మీద నీ చెయ్యి లేస్తే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతా. ఎక్కడికని అడగొద్దు. ఎందుకని అసలే అడగొద్దు."

అక్క అన్నదంటే చేస్తుంది. బావకి అది తెలుసు. నాకైతే చిన్నప్పటి నుంచీ తెలుసు.

తర్వాత రెండేళ్ళకి, నేను ముఖానికి ముసుగు కట్టుకుని రంగు కొడుతుంటే ఒక వ్యాను ఎడమవైపు నుంచి వెనక్కి వచ్చింది. హారన్ కొట్టారట, కేకలు వేశారట. నాకు వినపడలేదు. వ్యాను నన్ను గోడకి అదిమితే రెండు పక్కటెముకలు చిట్లాయి. బావ ఆ డ్రైవర్ని కిటికీలోంచి కాలరు పట్టుకుని సగం బయటికి లాగాడు. అక్క మాట గుర్తొచ్చిందో ఏమో, మళ్ళీ లోపలికి తోసి, వ్యాను ముందు దీపాలు రెండూ కాలితో పగలగొట్టాడు.

ఆ వారమే ఒక బోర్డు కిట్టు కొనుక్కొచ్చాడు. విడిభాగాలు మనమే అతికించుకుంటే, మీట నొక్కగానే సైరన్ మోగి ఎర్ర దీపాలు పరుగులు తీస్తాయి. నెల రోజులు కళ్ళజోడు పెట్టుకుని అన్నం బల్ల దగ్గర కూర్చున్నాడు. వేళ్ళు కాల్చుకున్నాడు, బల్లగుడ్డ కాల్చాడు. ఎవరికోసం బావా అంటే, ఊరికే కాలక్షేపానికిరా అన్నాడు. మీట షెడ్డు గేటు దగ్గర, దీపాలు మాత్రం నా రంగు గదిలో పెడతాడట. కాలక్షేపం!

బల్ల మీద అది చక్కగా వెలిగింది. పాత బానెట్ రేకుతో పెట్టె చేసి, బోర్డు అందులో బిగించి, రంగు వెయ్యమని నాకిచ్చాడు. నేను బోర్డు విప్పి, మూడు పూతలు వేసి, మళ్ళీ బిగించి ఇచ్చాను.

మర్నాడు పొద్దున గోడకి తగిలించి, ప్లగ్గు పెట్టి, బావ మీట నొక్కాడు. ఏమీ లేదు. ముందుగా తనకి తెలిసిన వైద్యం చేశాడు. పెట్టె మీద అరచేత్తో రెండు వేశాడు. తర్వాత బుద్ధిగా మొదలుపెట్టాడు. ఆ ప్లగ్గులో డ్రిల్లు పెడితే తిరిగింది. అడాప్టరు వైర్లకి మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపించింది. బోర్డుకి తగిలించగానే మాత్రం అడాప్టరు మీది పచ్చ దీపం ఆరిపోయింది. బోర్డు ఊడదీసి బల్ల మీద పెడితే వెలిగింది. పెట్టెలో బిగిస్తే చచ్చింది.

మూడోసారి చచ్చాక బావ మీటరుని గోడకేసి కొట్టాడు. స్టూలుని సుత్తితో చీల్చాడు. పట్టకారు నా ఎడమ చెవి పక్కనుంచి వెళ్ళింది. గాలి తగిలిందే గానీ చప్పుడు తెలియలేదు. వెల్డరు తొంగిచూసి, మిగిలిన పళ్ళు గుర్తొచ్చి తల లోపలికి లాక్కున్నాడు.

నేను అగ్గిపెట్టె కోసం జేబులో చెయ్యి పెట్టాను. నాలుగు తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు తగిలాయి.

మొదట పెట్టెలో బిగించినప్పుడు బావ వాటిని బోర్డు కింద నాలుగు మూలలా పెట్టాడు. బోర్డు గోరంత ఎత్తున నిలబడింది. మా పనిలో రెండు రేకుల మధ్య గోరంత సందు కనిపిస్తే తలవంపులు. అందుకని రంగు వేశాక నేను వాటిని పక్కన పెట్టేసి, బోర్డు రేకుకి అతుక్కునేలా మరలు బిగించాను. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. ఊడదీసిన పెట్టెలోకి ఇప్పుడు తొంగిచూస్తే, నా మూడు పూతల్నీ పొడుచుకుని బోర్డు అడుగునున్న టంకం మొనలు దిగిన చోట ఇనుము మెరుస్తోంది. కరెంటు బోర్డులోకి వెళ్ళకుండా రేకులోనే చుట్టుకుపోతోంది.

ఊరుకుంటే పోయేది. కానీ ఆయన సుత్తి ఎత్తి బోర్డు వైపు నడుస్తున్నాడు.

"బావా, ఇవి నేనే తీశాను," అన్నాను. "ఎత్తుగా ఉంటే బాగోలేదని."

సుత్తి కింద పడింది. ఎడమ చెయ్యి నా కాలరు పట్టుకుంది, కుడిచెయ్యి లేచింది. నేను చేసిందల్లా ఒకటే, పాడైన చెవి ఆయనవైపు తిప్పాను. బాగున్నది ఒక్కటే మిగిలింది మరి.

బావ ఆ చెవి వంక చూశాడు. చెయ్యి దిగింది. నా మీద కాదు, రేకు కింద పెట్టి కొట్టే ఇనప దిమ్మె మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు సైతం వినపడింది. రెండు వేళ్ళు పక్కకి తిరిగిపోయాయి, దిమ్మె మీదినుంచి రక్తం కారింది.

ఆయన నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి, "పెట్టు," అన్నాడు.

"ఏంటి బావా?"

"ఆ ముక్కలు. ఎక్కడ తీశావో అక్కడ పెట్టు."

ముందు ఆసుపత్రికి పోదామంటే వినలేదు. ఎడమచేత్తో టార్చి పట్టుకున్నాడు. నేను నాలుగూ పెట్టి బిగించాను. పచ్చ దీపం ఆరలేదు. ఎర్ర దీపాలు పరుగెత్తాయి, సైరన్‌కి వెల్డరు పరుగెత్తాడు.

ఆసుపత్రికి అక్క వచ్చింది. కట్టు చూసింది. ఆయన్ని అడగలేదు. నా గడ్డం పట్టుకుని, కొట్లో గిన్నె చూసినట్టు ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. తోడొచ్చిన వెల్డర్ని నోరు తెరవమని పళ్ళు లెక్కపెట్టింది.

"ఎవర్ని కొట్టాడురా?"

"ఇనప దిమ్మెని."

అక్క వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ఊడిన చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. కుడిచేత్తో ఆయన పెట్టుకోలేడు కదా.

ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పిడికిలి పట్టదు. మీట నొక్కడానికి మాత్రం బాగా పనికొస్తోంది. రోజుకి పదిసార్లు నా గదిలో ఎర్ర దీపాలు పరుగెత్తుతాయి. ముసుగు తీసి, రంగు కొట్టే తుపాకీ పక్కనపెట్టి, గేటు దాకా వెళ్ళి ఏం బావా అంటాను.

"ఏం లేదు," అంటాడు. "పనిచేస్తోందో లేదో చూశా."