వదులైన నట్లు

మా ఆయన బస్సు డిపోలో ఫిట్టర్. నట్టు వదులుగా కనబడితే ఆయనకు ఒళ్లు మండిపోతుంది. ఎవరింటికి వెళ్లినా సరే, కుర్చీ కిర్రుమందంటే జేబులోంచి స్పానరు తీసే రకం.

ఒకరోజు డిపోలో జాకీ జారి బస్సు ఆయన కాలిమీదికి దిగింది. మోకాలి కింది ఎముక నుజ్జయింది. డాక్టరమ్మ పాడైన ముక్క తీసేసి, కాలి చుట్టూ ఇనుప రింగులు పెట్టి, వాటిని నాలుగు రాడ్లతో కలిపింది. రోజుకు నాలుగుసార్లు, ప్రతి రాడ్డు నట్టునూ పావు చుట్టు తిప్పాలి. అలా రోజుకో మిల్లీమీటరు చొప్పున ఎముక జరుగుతుంటే, ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుందట. తిప్పే పని నాది.

మూడోవారం ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"రింగు ఒక పక్కకి ఒరిగింది. ఇలాగే అతుక్కుంటే కాలు వంకరే. మళ్లీ కొయ్యాలి, అప్పుడైనా నిలుస్తుందని చెప్పలేను. ఎవరమ్మా తిప్పింది?"

"నేనే."

తిప్పిన ప్రతిసారీ క్యాలెండరు మీద గీత పెట్టాను. అయినా ఎక్కడ తప్పానా అని ఆలోచించాను. పక్కనే ఈయన గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కాపురం. ఆ చూపు నాకు తెలియదా?

"ఏం చేశారు?" అని నిలదీశాను.

"లోపలివైపు నట్టు లూజుగా అనిపించింది. రోజూ కాస్త బిగించా."

"మీ బుద్ధి తగలెయ్య! అది బస్సా? మీ కాలు!" ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచేశాను.

డాక్టరమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఎంత బిగించారు? సరిగ్గా చెప్పండి."

"రోజుకి అర చుట్టు. ఆరు రోజులు."

తడుముకోలేదు. దొంగపని చేసినా లెక్క మాత్రం తప్పలేదు మహానుభావుడికి! ఆ లెక్క పట్టుకునే పదిరోజులపాటు కొద్దికొద్దిగా వెనక్కి తిప్పి రింగును సరిచేశాం. ఆయన స్పానర్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఎనిమిది నెలలకు ఎక్స్‌రేలో కొత్త ఎముక తెల్లగా కనబడింది. సంబరపడేలోపే డాక్టరమ్మ రాడ్ల నట్లన్నీ వదులు చేసేసింది.

"ఇక బరువు ఎముకే మొయ్యాలి. నడవండి. తట్టుకుంటే రింగులు తీసేద్దాం. లేదంటే మళ్లీ మొదటికే."

ఆయన ముఖం పాలిపోయింది. "అన్నీ లూజుగా ఉన్నాయి మేడం! ఎలా నిలబడతా?"

ఆయన చెయ్యి దానంతటదే నట్టు మీదికి పోయింది. ఆ చేతిని పట్టుకున్నాను. చెమటతో చల్లగా ఉంది.

"విరిగితే?" అన్నాడు నాతో, మెల్లగా.

"నేను తిప్పిన కాలు. విరగదు." నాకూ చచ్చేంత భయంగానే ఉంది.

నా వేళ్లు నలిగిపోయేలా పట్టుకుని లేచాడు. నట్లు గలగలమన్నాయి. కళ్లు మూసుకుని, ఒళ్లంతా ఆ కాలిమీద వేశాడు. ఒక అడుగు. ఇంకొకటి.

నాలుగో అడుగుకి నా చెయ్యి వదిలేశాడు.