గీతలు చెరిగిన రోజు

రెండు వేల సంవత్సరం దాటాక మా బావకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. పాశమైలారంలో రంగులు తయారుచేసే కంపెనీలో పని, చిట్కుల్‌లో ఇల్లు. నేను పటాన్‌చెరులో విలేకరిని. రోజూ పొద్దున బస్సులో నగరానికి తీసుకెళ్లి రేడియేషన్ ఇప్పించడం నా వంతయింది.

ముందు కొలతలు తీసి, పొత్తికడుపు మీద, తుంటికి రెండు పక్కలా ఊదారంగు సిరాతో గీతలు గీశారు. కిరణాలు సరిగ్గా గ్రంథికి తగలడానికి అవే గుర్తులు, చెరగనివ్వొద్దు అన్నారు. బావ తలూపాడు.

తిరిగి వస్తూ బస్సులో అడిగాడు. "నువ్వు పేపర్ల రాసినవ్ గదా బామ్మర్ది, ఏదో కొత్త కిరణమని. గదెట్ల?"

విదేశాల్లో ఇచ్చే ప్రోటాన్ చికిత్స గురించి ఆదివారం సంచికకు రాశాను. డాక్టరును అడిగి తెలుసుకున్నది చెప్పాను. బావకు ఇచ్చే ఎక్స్‌రే కిరణాలతో, అంతే మోతాదులో పోలిస్తే కణాన్ని చంపే శక్తి ప్రోటాన్‌కు కొంచెమే ఎక్కువ. అసలు తేడా, అది అనుకున్న లోతులో ఆగిపోతుంది. చుట్టూ ఉన్న భాగాలకు దెబ్బ తక్కువ. దానివల్ల రోగి ఇంకా ఎక్కువకాలం బతుకుతాడా అన్నది తేలలేదు. మన దగ్గర ఆ యంత్రమూ లేదు.

"చంపుడైతే రెండూ చంపుతయ్. గది ఆగుతది, గిది ఆగది. గంతేనా?"

"గంతే బావా."

"అనుకున్నకాడ ఆగుతదంటె నేను నమ్మ. కంపెనీ నీళ్లు గోడకాడ్నే ఆగుతయన్నరు. మన బాయిల నీళ్లు ఏ రంగున్నయో సూసినవ్ గదా."

ముందు సీట్లో ఎవరో నవ్వారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒంటి మీద రంగుతో బావ గడప దాటకూడదు. డ్యూటీ దిగి వచ్చేసరికి అక్క వాకిట్లో నీళ్ల గోలెం దగ్గర సబ్బు, పీచు పట్టుకుని ఉండేది. రంగు పోయేదాకా తోమితేనే అన్నం.

మర్నాడు ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి బట్ట జరిపితే చర్మం ఎర్రగా కంది ఉంది. గీతలు లేవు.

"ఏం పెద్దాయనా, గీతలేవి?" అన్నాడు యంత్రం నడిపేతను.

"రంగు గదా సార్. మా ఆమె తోమింది. ఒక్క చుక్క ఉంచలే."

ఆ రోజు చికిత్స ఇవ్వలేదు. మళ్లీ కొలిచి, మళ్లీ గీశారు. ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. పీచును కప్పు రేకుల సందులో దోపింది. చికిత్స నడిచినన్నాళ్లు బావ నడుం మీద నీళ్లు పోయలేదు.

చివరి రోజు ఇక కడుక్కోవచ్చన్నారు. రోగం పోయిందా అని బావ అడిగాడు. కొన్నాళ్లాగి రక్తపరీక్ష చేస్తేగాని చెప్పలేమన్నారు.

ఇంటికి వచ్చాక అక్క వేడినీళ్లు తోడి పీచు తీసింది. బావ గోలెం పక్కన రాయి మీద కూర్చుని, అంగీ ఎత్తి గీతల వంక చూసుకున్నాడు.

"జెర ఆగు. పరీక్ష కానియ్యి. మళ్ల పండుమంటె, ఏడ కొట్టాల్నో వాళ్లకెట్ల ఎరుక?"

అక్క పీచును మళ్లీ సందులో పెట్టి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.