తుఫాను షెల్టర్ మీద సెకండ్ హ్యాండ్ సముద్రం

ఇప్పుడు నేను చెప్పబోయేది మహాకావ్యం. ఇందులో సముద్రం ఉంది, తుఫాను ఉంది, ఊరు ఊరంతా పిల్లాజెల్లా కోళ్ళూ కుక్కర్లతో సహా తరలిపోవడం ఉంది, వీటన్నిటి మధ్యా నిలబడ్డ ఒక వీరుడు ఉన్నాడు.

నిజం చెప్పేస్తాను. తుఫాను లేదు. ఆ రోజు ఆరేసిన లుంగీ కదిలేంత గాలి కూడా లేదు. వీరుణ్ణి నేనే, కాబట్టి అదీ లేనట్టే. మిగిలినవి మాత్రం జరిగాయి. నా వల్లే జరిగాయి.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. మాగాణి మనుషులం. నీళ్ళంటే మాకు మోకాలి లోతు. బాపట్లలో చదువుకున్న నాలుగేళ్ళూ హాస్టల్ సాంబారు నుంచి నన్ను కాపాడినవాడు నాగరాజు. వాళ్ళది సూర్యలంక దగ్గర, ఒడ్డునే ఉన్న చిన్న పల్లె. ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళమ్మ వండిన చేపల పులుసు ముందు కూర్చుని, ఎవరైనా ఆపమనేదాకా తినేవాణ్ణి. నాలుగేళ్ళలో ఎవరూ ఆపమనలేదు. అలా ఆవిడ నాకు పిన్ని అయింది, వాళ్ళ నాన్న పోలయ్య బాబాయ్ అయ్యాడు.

చదువు ముగిసిన రెండేళ్ళకి పిన్ని ఫోన్ చేసింది.

"ఒరే చిన్నా, మీ బాబాయ్ కాలు విరగ్గొట్టుకున్నాడ్రా."

"అయ్యో! సముద్రంలోనా పిన్నీ?"

"బాత్‌రూంలో."

ముప్పై ఏళ్ళు అలల మీద నిలబడ్డ మనిషిని సబ్బుబిళ్ళ పడగొట్టింది. డాక్టరు కట్టు వేసి, నెల రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. పెడితే ఆపరేషనేననీ, ఆ తర్వాత పడవ సంగతి మర్చిపోవాల్సిందేననీ చెప్పాడు. వచ్చిన చిక్కేమిటంటే, సముద్రంలో చేపల వేట మీద గవర్నమెంటు పెట్టే నిషేధం సరిగ్గా అప్పుడే అయిపోయింది. రెండు నెలలు ఒడ్డున పడుకున్న పడవలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. బాబాయ్ మంచం మీద పడుకునే ఇంజను చప్పుడు విని, అది ఎవరి పడవో, ఎంత దూరం పోయిందో చెప్తున్నాడట.

"శుక్రవారం కట్టుతోనే పడవెక్కుతానంటున్నాడ్రా. నాగరాజు మాట వినడు. నేను ఏడిస్తే టీవీ సౌండు పెంచుతున్నాడు. నువ్వు చదువుకున్నోడివి కదా, ఏదోటి చేసి ఆ మనిషిని నెల రోజులు కూర్చోబెట్టు నాయనా."

నాగరాజు కూడా నాతోనే చదివాడు, నాకంటే మంచి మార్కులతో. కానీ సొంత కొడుకు చదువు ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నా బుర్రలో బల్బు వెలిగింది. అది ఎక్కువ కాంతినిచ్చే బల్బు కాదని ఇప్పుడు మీకూ నాకూ తెలుసు. వీడియో గేమ్ పెట్టెలో పడవ నడిపి చేపలు పట్టే ఆట ఒకటుంది. అది పెడితే బాబాయ్ ఇంట్లో కూర్చునే వేటకి పోవచ్చు. కొత్త పెట్టె కొనే స్తోమత నాకు లేదు. వాకబు చేస్తే రేపల్లెలో మందుల షాపులో పనిచేసే ఒకాయన తన పాతది అమ్ముతున్నాడని తెలిసింది. వెళ్ళాను. మెత్తటి మనిషి, దగ్గు మందు సీసా అందించినట్టు పెట్టెనీ డిస్కునీ నా చేతిలో పెట్టాడు. నేను ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు పది ఉన్నాయి. అడిగింది ఒక్కటే.

"దీని అట్టపెట్టె కూడా ఇస్తారా అండీ?"

ఎందుకంటే, నాలుగేళ్ళ చేపల పులుసుకి బదులుగా వాడేసిన వస్తువు ఇస్తున్నానని వాళ్ళకి తెలియకూడదు. ఇంటికొచ్చి గీతలన్నీ టూత్‌పేస్టుతో రుద్దాను. పూల కాగితం చుట్టి ఎర్ర రిబ్బను కట్టాను. ఒక్కసారి ఆన్ చేసి చూద్దామా అనిపించింది. చూస్తే సీలు పాడవుతుందని మానేశాను. ఆ సీలు నేను అంటించిన సెల్లోటేపే.

గురువారం పొద్దున్నే పల్లెకి చేరాను. బాబాయ్ మంచం మీద నుంచి పెట్టెని ఓరకంట చూశాడు.

"ఇందులో పడవుంది బాబాయ్. వలుంది. సముద్రం ఉంది."

"డీజిలు?"

"అక్కర్లేదు."

"ఐసు?"

"అక్కర్లేదు."

బాబాయ్ లేచి కూర్చున్నాడు. "పెట్టరా."

పెట్టాను. తెర మీద నల్లటి పలక మీద తెల్లటి అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. ఆడాలంటే ఇంటర్నెట్ కావాలట.

"ఒక్కణ్ణే ఆడుకునేదానికి బయటోళ్ళతో పనేంట్రా?"

"ఆడబోయే ముందు ప్రతిసారీ కంపెనీ వాళ్ళని అడుగుతుంది బాబాయ్, ఈయన ఆడొచ్చా అని."

"మొన్నటిదాకా గవర్నమెంటు ఆపింది, ఇప్పుడు వీడెవడ్రా?"

ఆ ఊళ్ళో ఇంట్లో ఫోను మోగుతుంది గానీ నెట్టు రాదు. నెట్టు కావాలంటే తుఫాను షెల్టర్ డాబా ఎక్కాలి. అందుకని టీవీతో సహా అందరం అక్కడికే పోదామన్నాను. అవును, అన్నది నేనే.

నాగరాజు టీవీని దుప్పట్లో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. వెనక పెట్టెతో నేను. నా వెనక అన్నం క్యారేజీ, నీళ్ళ క్యాను, చాపతో పిన్ని. చివర్లో ప్లాస్టిక్ కుర్చీలో మహారాజులా బాబాయ్, మోస్తున్నది ఆయన పడవలో పనిచేసే ఇద్దరు.

సముద్రపు ఒడ్డు ఊళ్ళలో టీవీ నెత్తినెక్కి షెల్టర్ వైపు నడవడానికి ఒక్కటే కారణం ఉంటుంది. అది నా మాగాణి బుర్రకి తట్టలేదు. వాళ్ళకైనా తట్టాలి కదా అంటారా? బాబాయ్ వారం తర్వాత మంచం దిగి నవ్వుతున్నాడన్న సంబరంలో వాళ్ళు ఉన్నారు.

ఎండుచేపలు ఆరబెడుతున్న పక్కింటి కోటమ్మత్త పిన్నిని ఆపింది.

"ఏంటొదినా, ఎక్కడికి?"

"షెల్టరుకే."

"అందరూనా?"

"అందరం."

"ఎన్నాళ్ళంట?"

"నెల రోజులు పట్టుద్దంట."

కోటమ్మత్త తన జీవితంలో నెల రోజుల తుఫాను చూడలేదు. చేటలో చేపలు చేటలోనే వదిలేసి లోపలికి పరిగెత్తింది.

డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో టీవీ పెట్టి, కింది గదిలోంచి కరెంటు వైరు లాగి, వైర్ల మధ్య తల దూర్చి కూర్చున్నాను. వెనక ఏవో చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఆట చూడ్డానికి జనం వస్తున్నారనుకుని మురిసిపోయాను. పని ముగించి తిరిగి చూస్తే, ఊరంతా అక్కడే ఉంది. కోటమ్మత్త చేతిలో కాళ్ళు కట్టిన నాలుగు కోళ్ళు. రెండు మేకలు. గ్యాసు పొయ్యి. పాలిథిన్ కవర్లో రేషన్ కార్డులు. ఒకాయన తలుపు ఊడదీసి తెచ్చాడు, ఇల్లు పోయినా తలుపైనా మిగలాలని కాబోలు. కింద ఇసకలో, మర్నాడు వేటకి సిద్ధంగా ఉన్న పడవలన్నిటినీ కేకలు పెడుతూ మెరకకి లాగేస్తున్నారు.

"పోలయ్య మామ ఏ తుఫానుకీ షెల్టరెక్కలేదు. ఆయనే ఎక్కాడంటే ఇది మామూలుది కాదు," అంటున్నాడు తలుపాయన.

అప్పుడే తెర మీద ఆట బొమ్మ వెలిగింది. నల్లటి మబ్బులు, కొండంత అలలు. "అమ్మో, అదిగో!" అని జనం వెనక్కి జరిగారు. నాకు మహా ఉత్సాహం వచ్చేసింది.

"కంగారు పడకండి! ఒక్కొక్కరే రండి. అందరికీ ఛాన్సు వస్తుంది!"

కోటమ్మత్త బావురుమంది.

నేను ఫోను నెట్టు కలిపాను. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. ఓ వాక్యం వచ్చింది. గొంతు సవరించుకుని, తెలుగు చేసి మరీ అందరికీ వినపడేలా చదివాను.

"ఈ ఆట రేపల్లె రౌడీ పేరు మీద ఉంది. ఆయన వస్తేనే మొదలవుతుంది."

"రేపల్లె రౌడీ ఎవడు?" అన్నాడు బాబాయ్.

"తుఫాను పేరేమో," అన్నారు వెనక నుంచి ఎవరో. "ఈసారి మనోళ్ళే పెట్టినట్టున్నారు."

చెమటలు తుడుచుకుంటూ మందుల షాపాయనకి ఫోన్ చేశాను. గాభరాలో స్పీకరు నొక్కేశాను.

"హలో, రౌడీ గారాండీ?"

"మెల్లగా సార్, షాపులో జనం ఉన్నారు."

"ఆట మీ పేరు మీదే ఉందంటోంది. పాస్‌వర్డ్ చెప్తారా?"

"మర్చిపోయానండి."

"మరి అలాంటిది ఎందుకమ్మారండీ?"

"అందుకేనండి."

 బాబాయ్ పూల కాగితం వైపు చూశాడు, ఎర్ర రిబ్బను వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇది సెకండ్ హ్యాండా?"

తల దించుకున్నాను. బాబాయ్ అన్నాడు:

"నా పడవా సెకండ్ హ్యాండేరా. నిజాంపట్నంలో కొన్నా. ఇంకా దాని మీద విజయలక్ష్మి అనే రాసుంది. ఆవిడెవరో నాకు తెలీదు. నాకు తెలుసని మీ పిన్ని ఇప్పటికీ అనుమానం. అయినా ఆ పడవ ఒక్కరోజు కూడా నన్ను, ‘విజయలక్ష్మి ఏదీ, ఆవిడొస్తేనే కదుల్తా’ అనలేదు. అమ్మాక అమ్మినట్టుండాలి కదరా. ఇదేం పెట్టె?"

అంత ఇష్టంగా ఎవరూ నన్ను క్షమించలేదు. కళ్ళు చెమర్చబోతుండగా కోటమ్మత్త అడిగింది.

"అయితే తుఫానెప్పుడొస్తదంట?"

"తుఫానేంటత్తా?" అన్నాను.

అంతే. డాబా మీద ఉన్న కళ్ళన్నీ ముందు ఆకాశాన్ని చూశాయి. తర్వాత నన్ను చూశాయి. తలుపాయన తలుపు మెల్లగా కింద పెట్టి చొక్కా చేతులు మడవసాగాడు.

నన్ను కాపాడింది బాబాయ్ నవ్వు. ముందు పొట్ట కదిలింది, తర్వాత కుర్చీ కదిలింది, తర్వాత డాబా అంతటికీ అంటుకుంది.

"పడవలన్నిటినీ ఒడ్డున కట్టేయించడానికి గవర్నమెంటుకి ఎంత యంత్రాంగం కావాలిరా! నీకు అరగంట పట్టింది!"

తెచ్చుకున్న అన్నాలు అక్కడే తిన్నారు. తర్వాత పడవలన్నీ మళ్ళీ నీళ్ళ దాకా తోశారు. ఆ కార్యక్రమంలో నాకు ప్రతి పడవ దగ్గరా మొదటి స్థానం ఇచ్చి గౌరవించారు.

అందరూ దిగారు గానీ బాబాయ్ దిగలేదు. ఆ డాబా మీద నుంచి సముద్రం చివరిదాకా కనిపిస్తుంది. ఫోనుకి సిగ్నలుంది. శుక్రవారం పొద్దున నాగరాజు విజయలక్ష్మిని నీళ్ళలోకి దించితే, బాబాయ్ పైనుంచి ఫోన్లో పడవ నడిపాడు. "ఒరే, నీళ్ళ రంగు చూడు. ఎడంపక్కకి పో. నీ ఎడం కాదురా, నా ఎడం!" రోజూ పొద్దున్నే కుర్చీలో ఎక్కించడం, సాయంత్రం దించడం. నెల గడిచింది, కట్టు విప్పారు, తన కాళ్ళ మీద తాను నడిచివెళ్ళి పడవెక్కాడు.

కాబట్టి బంగాళాఖాతం సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. వాడిన వస్తువుకి పూల కాగితం చుట్టను. ఆన్ చేసి చూడకుండా ఎవరికీ సముద్రాన్ని బహూకరించను. ఎండ కాస్తుండగా ఎవరి టీవీనీ ఇల్లు దాటించను.

పిన్ని మాత్రం ఇప్పటికీ కనిపించినవాళ్ళందరికీ చెప్తుంది, "మా చిన్నా తెచ్చిన పెట్టె వల్లే మీ అన్నయ్య కాలు అతుక్కుంది," అని. అదీ నిజమే. కూర్చున్నప్పుడు కట్టు వేసిన కాలు ఎత్తులో ఉంచమన్నాడు డాక్టరు. ఆ నెలంతా బాబాయ్ కాలు దాని మీదే ఉంది.

డాక్టరు చెప్పిన ఎత్తు ఆరంగుళాలు. పెట్టె నాలుగే. కింద దుప్పటి మడిచి పెట్టాం.