ఆడవాళ్ల సగం టిక్కెట్టు

పోయిన నెలలో ఒక సాయంత్రం మా మనవరాలు ఆఫీసు నుంచి వస్తూనే నా చేతిలో ఫోను పెట్టి, అందులో నా పేరు చూపించింది. బెంజ్ సర్కిల్ అవతల కొందరు కుర్రాళ్లు కలిసి ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారట, సీజనంతా చూడడానికి ఒకటే పాసట, తనకొకటీ నాకొకటీ కొన్నదట. ఈ వయసులో భవానీపురం నుంచి ఆ ట్రాఫిక్కులో పడి బంతాట చూడడానికి నేనెక్కడ రానే అని గొణిగాను గానీ, లోపల సంతోషంగానే ఉంది. ధర ఎంతని అడిగితే చెప్పింది. అమ్మో అనుకుని, పోనీ ఆడవాళ్లకు సగమేనా అన్నాను. అది నా వంక ఎగాదిగా చూసి, "సగమెందుకు అమ్మమ్మా, మనం సగం ఆటే చూస్తామా ఏంటి?" అంది.

నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. మా చిన్నప్పుడు మేము నిజంగానే సగం ఆటే చూసేవాళ్లం, ఆ సగానికే డబ్బు కట్టేవాళ్లం. ఇప్పటి పిల్లలకు చెబితే కట్టుకథ అనుకుంటారు. నా ఈడువాళ్లు, అందులోనూ కృష్ణ కాలువల పక్కన పుట్టి పెరిగినవాళ్లు నమ్ముతారన్న ధైర్యంతో రాస్తున్నాను.

మాది చల్లపల్లికి దగ్గరలో ఒక ఊరు. ఒక మిషన్ స్కూలు, రెండు రైస్ మిల్లులు, వాటికి తోడు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉండడం వల్ల మేమేదో పట్నం వాళ్లమన్నట్టే మాట్లాడుకునేవాళ్లం. క్లబ్బుకు కర్తా కర్మా క్రియా అన్నీ మా స్కూలు హెడ్మాస్టారే. ఆట స్కూలు మైదానంలో జరిగేది. సీజను ఎప్పుడు మొదలో ఎప్పుడు ఆఖరో తెలియడానికి క్యాలెండరు అక్కర్లేదు. వేసవిలో కాలువ కట్టేసిన వారం మొదలయ్యేది, మళ్లీ నీళ్లు వదిలే వారం ముగిసేది. నీళ్లొచ్చాక ఆడేవాళ్లూ చూసేవాళ్లూ అందరూ నారుమళ్లలో ఉండాలి మరి. ఆట శనివారం సాయంత్రాలే. ఆదివారం పెడదామంటే ఆరాధన రోజున ఆటలేమిటని మా క్రైస్తవుల ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కాదు. శనివారమైతే రైతుల ఇళ్లలో చాలామంది ఒంటిపూట ఉండేవారు గనక, రాత్రి ఇంత ఉప్మా కలిపి పెడితే సరిపోతుందని వాళ్లకూ నచ్చింది. అలా వెంకటేశ్వరస్వామికీ ఏసుప్రభువుకూ కూడా అభ్యంతరం లేని రోజు చూసి పెట్టారన్నమాట.

సీజను టిక్కెట్టు మగవాళ్లకు రెండు రూపాయలు, ఆడవాళ్లకు రూపాయి. మైదానం చుట్టూ తాటాకు దడి కట్టి, లోపల స్కూలు బెంచీలు వేసేవారు. టిక్కెట్టు కొన్నవాడికి దక్కేది కూర్చునే చోటొక్కటే కాదు, ఆటగాళ్లను తిట్టే హక్కు కూడా. టిక్కెట్టు లేనివాడు పొరపాటున నోరు చేసుకుంటే, నువ్వేమిచ్చావని అంటున్నావయ్యా అని పక్కవాళ్లు కసిరేవారు. మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా, నలుగురిలో గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. అలాంటిది శనివారం సాయంత్రం రెండు రూపాయలకూ సరిపడా తిట్టి, ఆదివారం పొద్దున చర్చిలో గొంతు పెగలక కీర్తనకు పెదవులు మాత్రం ఆడించేవారు.

ఇక ఆడవాళ్లకు సగం ధర ఎందుకంటే, కాలువ కట్టేశాక ఊరికంతటికీ పంచాయతీ కుళాయే దిక్కు. అది వదిలేది పొద్దుగూకే వేళ, కాసేపే. సరిగ్గా ఆట సగమయ్యేసరికి ఆ వేళయ్యేది. హాఫ్‌టైము విజిలు వినపడగానే ఆడవాళ్ల బెంచీలన్నీ ఒక్కసారిగా లేచేవి. అటు నుంచి అటే బిందెలు తీసుకుని కుళాయి దగ్గరికి, అక్కణ్నుంచి పొయ్యి దగ్గరికి. మొదట్లో ఎవరో ఆవిడ, చూసేది సగమైనప్పుడు నిండు డబ్బు ఎందుకివ్వాలని అడిగిందట. హెడ్మాస్టారు న్యాయం తెలిసిన మనిషి గనక అప్పటికప్పుడు సగానికి తగ్గించారట. అది చాలా గొప్ప సంస్కరణ అని మా ఊళ్లో పేరు. బిందెలు మగవాళ్లు పట్టవచ్చు కదా అన్న ఆలోచన మాత్రం ఆ న్యాయమూర్తికి గానీ, ఇంకెవరికి గానీ రాలేదు.

మా అమ్మకు ఆట మీద అంత పిచ్చేమీ లేదు. ఆవిడ వెళ్లేది తమ్ముడి కోసం. మా అమ్మమ్మ పోయేనాటికి మావయ్య చంటివాడు. పెళ్లయి అత్తారింటికి వస్తూ అమ్మ ఆయన్ను చంకనేసుకునే వచ్చింది. తమ్ముళ్లు లేని నాన్న ఆయన్ను బావమరిదిలా గాక సొంత తమ్ముడిలా చూసుకున్నారు. ఆ మావయ్య మా జట్టులో ముందు వరసలో ఆడేవాడు. అయితే ఆయనదొక వరస ఉండేది. మొదటి సగమంతా సంతకొచ్చిన కొత్త ఎద్దులా దిక్కులు చూస్తూ తిరిగేవాడు. హాఫ్‌టైము అయ్యాక గానీ ఒంట్లోకి వేడి వచ్చేది కాదు. ఆయన కొట్టిన గోల్సన్నీ, అవి తక్కువేమీ కాదు, రెండో సగంలో కొట్టినవే. అంటే, ఎత్తుకుని పెంచిన అక్క తమ్ముడు గోలు కొట్టగా ఒక్కసారీ చూడలేదు.

చూడకపోతేనేం, వినేది. రాత్రి భోజనాల దగ్గర నాన్న బొంగురు గొంతుతోనే ఆ గోలు ఎలా పడిందో చెప్పేవారు. కంచంలో మజ్జిగ మిరపకాయను గోల్‌కీపరుగా నిలబెట్టి, అన్నం ముద్దను బంతి చేసి చూపించేవారు. అమ్మ వడ్డన ఆపి వినేది. మావయ్య సిగ్గుపడుతూ తల వంచుకుని తినేవాడు. మా ఇంట్లో అంత సంతోషంగా గడిచే పూట వారంలో మరొకటి ఉండేది కాదు.

నాకు పదేళ్లప్పుడు క్లబ్బుకు గడ్డుకాలం వచ్చింది. వలలు చిరిగిపోయాయి, బంతులు పాతబడ్డాయి, పై ఊళ్లకు వెళ్లడానికి ఖర్చులు పెరిగాయి. కమిటీ కూర్చుని మగవాళ్ల టిక్కెట్టు మూడు రూపాయలు చేసింది. చేసిన మరుసటి శనివారం సగం బెంచీలు ఖాళీ. చూద్దుము కదా, జనమంతా కాలువ గట్టు మీద ఉన్నారు. గట్టు మా తాటాకు దడి కంటే ఎత్తు, పైగా కాలువలో నీళ్లు లేవు గనక దిగి ఎక్కడం తేలిక. మూడెకరాల ఆసామి కూడా పైపంచె పరుచుకుని గట్టు మీద దర్జాగా కూర్చున్నాడు. వాళ్లకు చూడడానికేమీ తక్కువ కాలేదు గానీ తిట్టే హక్కు పోయింది. అందరూ నోరు మూసుకుని చూస్తుంటే మైదానం పరీక్ష హాలులా ఉండేది, ఆడేవాళ్లకు కాళ్లు ఆడేవి కావు. ఇలాగైతే వచ్చే ఏటికి క్లబ్బు ఉండదని హెడ్మాస్టారు నలుగురి ముందూ చెప్పేశారు.

ఆ వేసవిలోనే మావయ్యకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఎక్కడో ఉత్తరాదిన, పేరు కూడా మాకు నోరు తిరగని ఊళ్లో. కాలువ వదిలేలోపు వెళ్లి చేరాలి. ఇంట్లో అందరికీ సంతోషమే, అమ్మకూ సంతోషమే, కానీ ఆవిడ ఆ వారమంతా ఉప్పు వేసిన కూరలోనే మళ్లీ ఉప్పు వేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కింద నిలబడి ఉన్న హెడ్మాస్టారి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

"మాస్టారండీ, నాక్కూడా నిండు టిక్కెట్టే ఇవ్వండి. నిండా కూచుంటాను" అంది.

ఖాళీ బెంచీలు చూసి పిల్లలు డీలా పడిపోతున్నారని, ఆడవాళ్లమైనా ఉంటే కాస్త నిండుగా ఉంటుందని కారణం చెప్పింది. అసలు కారణం చెప్పలేదు. పక్కనున్న ఆడవాళ్లు కొందరు అది విని, అయితే మాకూ అలాగే ఇవ్వండన్నారు. హెడ్మాస్టారు సంబరపడ్డారు గానీ వెంటనే ఊ అనలేకపోయారు. సాయంత్రం కమిటీ మా అరుగు మీదే కూర్చుంది. డబ్బు గురించి ఒక్కరూ మాట్లాడలేదు, మాట్లాడిందంతా కుళాయి గురించే. మనిషి మనిషికీ ఆ ప్రశ్న దొర్లుకుంటూ వచ్చి చివరికి నాన్న దగ్గర ఆగింది. అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది.  సీజను టిక్కెట్టు పుట్టిన దగ్గర్నుంచీ ఆయన రెండో సగం వదులుకున్నది లేదు, మావయ్య ఆట ఇక మిగిలింది ఒక్కటే. "బిందెలు నేను పడతాలెండి" అన్నారు.

ఆ శనివారం వచ్చింది బందరు జట్టు. హాఫ్‌టైము విజిలు పడగానే అలవాటు కొద్దీ అమ్మ లేవబోయి, కొంగు సర్దుకుని మళ్లీ కూర్చుంది. ఎదుటి బెంచీల్లోంచి నాన్న, ఆయన వెనక ఇంకొందరు, పెళ్లికి పిలిచి భోజనం పెట్టకుండా పంపించిన వాళ్ల ముఖాలతో లేచి వెళ్లారు. కుళాయి దగ్గర జరిగిన కథ తర్వాత ఊరంతా నెలరోజులు చెప్పుకుంది. బిందెల వరసకు ఆడవాళ్లకొక లెక్క ఉంటుంది, రాలేనివాళ్లు ముందుగా కొబ్బరిచిప్ప పెట్టి వెళ్లినా ఆ చోటు వాళ్లదే. ఈ మహానుభావులు చిప్పలన్నీ ఏరి అవతల పారేసి, ఎవరు ముందో తేలక జుట్లు పట్టుకున్నంత పని చేశారు. బిందెల మీద పేర్లు చెక్కి ఉంటాయన్న సంగతి కూడా ఎవరూ చూసుకోలేదు. నాన్న తెచ్చిన రెండు బిందెల్లో ఒకటి మాదే, రెండోది వీధి చివర వాళ్లది.

ఇక్కడ మైదానంలో మావయ్యకు అక్క కూర్చుని ఉందని తెలిసిపోయింది. అదే ఆయన కొంప ముంచింది. ఎలాగైనా అక్క కళ్లెదుట గోలు కొట్టాలని ఒకటే తాపత్రయం. కొట్టిన ప్రతి బంతీ పైకో పక్కకో పోయింది. ఒకసారి పడ్డాడు, ఒకసారి ఎవరి మోకాలో తగిలి దవడ పట్టుకుని కూర్చున్నాడు. చివరికి తనకొచ్చిన బంతిని పక్కవాడికి తోసేస్తే వాడు గోలు కొట్టాడు, ఆట చెరొక గోలుతో సమానంగా ముగిసింది. మావయ్య గోలు కొట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, అమ్మ ముఖంలోకి చూడడానికి భయమేసింది.

భోజనాల దగ్గర ఆ పూట అంతా తలకిందులు. నాన్న పీట మీద కూర్చుని, వడ్డించే అమ్మను ఎవరు గెలిచారని అడిగారు. అమ్మ, ఏమోనండీ, అది చూళ్లేదు అంది. మరి గోలు ఎవరు కొట్టారన్నారు. ఆవిడకు అదీ తెలియదు. నాన్న నిర్ఘాంతపోయి, అంత ఆట వదులుకుని నేను కుళాయి దగ్గర తన్నులు తిన్నంత పనైతే నువ్వు చూసిందేమిటే అన్నారు. మావయ్య తల ఎత్తలేదు. అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇన్నేళ్ల బట్టీ మీరు గోల్సే చెప్పారండీ" అంది. "వాడు మోకాళ్ల మీద చేతులేసుకుని అంత ఆయాసపడిపోతాడని ఒక్కనాడు కూడా చెప్పలేదే."

 నాన్న కంచంలోకి చూస్తూ ఉండిపోయారు. ఎందుకు చెప్పలేదంటే ఆయనా చూడలేదు, గోలు చూసినవాడికి అది కనపడదు. మావయ్య లేచి వెళ్లి చేయి కడుక్కుని, అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ ఒళ్లో తల పెట్టుకున్నాడు. అంత మనిషి అలా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. వారం తిరక్కుండానే రైలెక్కి వెళ్లిపోయాడు.

తమ్ముడు వెళ్లిపోయాక అమ్మ ఆటకు వెళ్లడం మానేస్తుందనుకున్నాం. మానలేదు. మరుసటేడు అందరికీ మళ్లీ రెండు రూపాయలే అన్నారు, ఆడా మగా తేడా లేకుండా. గట్టు దిగి జనం తిరిగొచ్చారు, తిట్లూ తిరిగొచ్చాయి, క్లబ్బు ఇంకొన్నేళ్లు బతికింది. అమ్మ నిండు టిక్కెట్టు కొనుక్కుని ఆఖరి విజిలు దాకా కూర్చునేది. మరునాడు కుళాయి దగ్గర, ఇంటి పనితో రాలేకపోయిన తల్లులకు చెప్పేది. నీ పెద్దాడు కుడికాలు ఈడుస్తున్నాడు చూసుకో, నీవాడు మంచినీళ్లు తాక్కుండా ఆడాడు, నీ చిన్నాడు పడినప్పుడు ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకున్నాడు, ఇంటికొస్తే ఏమీ అడక్కు, అన్నం పెట్టు. వాళ్లు బిందె నిండి పొర్లిపోతున్నా వింటూ నిలబడేవారు. గెలిచారా ఓడారా అని ఆవిణ్ని ఎవరూ అడిగేవారు కాదు.

ఇప్పుడు అమ్మ లేదు, నాన్న లేరు, మావయ్య ఆ దూరపు ఊళ్లోనే రిటైరై అక్కడే కన్నుమూశాడు. నేను ఈ విజయవాడలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి, ఈ భవానీపురం ఫ్లాటులో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మొన్న శనివారం మనవరాలితో కలిసి ఆ కొత్త క్లబ్బు ఆటకు వెళ్లాను. పాసులన్నీ అమ్ముడయ్యాయట గానీ కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి. వచ్చినవాళ్లలోనూ కొందరు ట్రాఫిక్కు పెరగకముందే ఇల్లు చేరాలని హాఫ్‌టైముకే లేచిపోయారు, ఆడవాళ్లూ మగవాళ్లూ కూడా, నిండు ధర కట్టినవాళ్లే. వాళ్లను తప్పుపట్టను, ఎవరి ఇబ్బందులు వాళ్లవి. గోలు పడినప్పుడు పెద్ద తెర మీద మళ్లీ మళ్లీ చూపించారు. మనవరాలు నా భుజం పట్టి ఊపుతూ, చూశావా అమ్మమ్మా, చూశావా అంటోంది. నేను చూడలేదు. నా చూపు అటు మూలన ఉన్న ఒక కుర్రాడి మీద ఉంది. సన్నగా, నల్లగా, ఇరవై ఏళ్లుంటాయేమో, అందరూ కేరింతలు కొడుతూ అటు పరుగెత్తితే వాడు మాత్రం మోకాళ్ల మీద చేతులేసుకుని వంగి నిలబడ్డాడు. వీపు ఎగసిపడుతోంది. ఏ ఊరి పిల్లాడో, ఏ హాస్టల్లో ఉంటున్నాడో. ఇంటికెళ్లి చెబుదామంటే, వాళ్లమ్మ ఎవరో నాకు తెలియదు.