అతుకు దగ్గర గురామీ

జావాలో, తులుంగాగుంగ్ ఊళ్లో ఒక సందులో ఉండే లెగిమన్ గాజుముక్క కూడా పారేసే మనిషి కాదు. పెంచుకున్న గురామీ చేపకు గాజుతొట్టి ఇరుకైందని ఆ తొట్టి పలకలు విప్పి, పాత జిగురును బ్లేడుతో గీకి, బొటనవేలితో తడిమి తడిమి చూశాడు. పిసరంత మిగిలినా కొత్త జిగురు పట్టదు. ముందు పలకనూ వెనక పలకనూ అంచుకు అంచు అతికి ముందువైపుకు పెట్టి, వెనక్కీ అడుక్కీ కొత్త గాజు వేసి, వంటింట్లో రెట్టింపు పొడవు తొట్టి కట్టాడు. నీళ్లు నింపాక కింద పరిచిన కాగితం రెండు రోజులు పొడిగానే ఉంది. మురిసిపోతూ చేపను వదిలాడు. అది అతుకు దాకా ఈది, అక్కడ పాత గోడ ఉన్నట్టే వెనక్కి తిరిగింది.

"బాగుంది సంబడం! అంత ఇల్లు కట్టిచ్చినా ఒక్క గదిలోనే కాపురం," అని భార్య తుమీని పకపకా నవ్వింది.

"మనమో? ముందుగది కుర్చీలు చుట్టాలకి వదిలేసి, ముప్పయ్యేళ్లుగా ఈ వంటింట్లోనే కదటే పడున్నాం," అంటూ చాప మీద జరిగి, ఆమెకు చోటిచ్చాడు.